రంగస్థలం మీద ఒంటరి గొంతు
(పద్యగానంలో మాటకు, రాగానికి గల మర్యాదను గురించి గరాచర్మ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ధర్మ సభలో నాటక సంగీతమును గురించి మాట్లాడమని పెద్దలు ఆదేశించినప్పుడు మేము కొంత సంకోచించాము. కారణము మీలో చాలామందికి తెలిసినదే. మన ఉత్సవ సందర్భాలలో హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను పద్యాలు పాడవలెనా, మానవలెనా అన్న చర్చ కొన్ని నెలలుగా మన మధ్య నడుస్తున్నది. మానవలెనన్నవారు మూడు కారణాలు చెప్పారు. అది పురాణ కథ. మనకు దానితో పని లేదు. రాజు కాటికాపరికి అమ్ముడుపోవుటను ఘోర అవమానముగా చూపే కథ; మనము దానిని మెచ్చరాదు. పాట అన్నది మనస్సును చెదరగొట్టును. శీలమును కోరువారికి తగదు. ఈ మూడింటిలో ఒక్కటి కూడ కొట్టివేయదగినది కాదు. అయితే తీర్పు చెప్పే ముందు, ఆ పద్యము పాటగా ఎట్లు నడుస్తుందో ఒకసారి పరిశీలించవలెనని మా విన్నపము. సంగీతమును చూడనిదే ఈ వివాదము తేలదని మేము నమ్ముతున్నాము.

ముందుగా ఈ పద్యనాటకము మనకెట్లు వచ్చినదో రెండు మాటలలో మనవి చేస్తాము. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజము వారు తెలుగు సీమలో ప్రదర్శనలిచ్చారు. వారిని చూచి మనవారికి నాటకమాడు ఉత్సాహము కలిగినది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు రంగస్థలం మీదికి పాటను, పద్యాన్ని నిండుగా తీసుకొని వచ్చారు. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో వనారస వారి కుటుంబము ఆరంభించిన నాటక సమాజము తరతరాలుగా ఊరూరా తిరిగినది. తరువాత తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతము గారి హరిశ్చంద్ర నాటకము పల్లెపల్లెలో రాత్రంతా ఆడబడినవి. శ్రీకాకుళము, విశాఖపట్టణముల నుండి ఓడ ఎక్కి ఈ దీవులకు వచ్చిన మన పెద్దలు తమతో పుస్తకాలు ఎక్కువ తెచ్చుకోలేదు. నోటికి వచ్చిన పద్యాలు తెచ్చుకొన్నారు.

నాటకంలో పాట వేరు, పద్యము వేరు. పాటకు పల్లవి ఉన్నది, తాళమున్నది. తబలా దానిని నడిపించును. పద్యానికి తాళము లేదు. నటుడు వచనము పలుకుతూ పలుకుతూ ఒకచోట ఆగుతాడు. హార్మోనియము రాగచ్ఛాయను చూపుతుంది. తబలా మౌనము వహిస్తుంది. ఆ మౌనంలో ఒక్క మనిషి గొంతు మిగులుతుంది. అతనిని నడిపించునది లఘు గురువుల నడక మాత్రమే. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఇంతకు మించిన కొలత అతనికి లేదు. ఇంతకు మించిన ఆధారమూ లేదు.

పాశ్చాత్య సంగీత నాటకాలలోను ఒంటరి పాత్ర పాడే ఘట్టాలున్నవి. 1945లో అమెరికాలో ప్రదర్శితమైన ‘కరోసెల్’ అనే నాటకంలో, తండ్రి కాబోతున్న ఒక మనిషి తన మనస్సులోని మాటలన్నింటిని ఒంటరిగా నిలబడి దీర్ఘమైన పాటగా పాడుతాడు. కాని అక్కడ ప్రతి స్వరమును రచయితయే నిర్ణయించి వ్రాసిపెడతాడు. మన పద్యంలో కవి మాటలనే ఇస్తాడు. ఏ రాగంలో పాడవలెను, ఎక్కడ ఊపిరి తీయవలెను, ఏ మాటను ఎత్తవలెను, దేనిని దించవలెను అన్నది నటుని వివేకము. కనుక పద్యగానంలో గొప్పతనమైనా, తప్పిదమైనా చాలవరకు పాడేవానిదే.

ఇక కాటిసీను సంగతి. ఆ దృశ్యంలో నేడు మనము వినే శ్మశాన పద్యాలు బలిజేపల్లి వారివి కావు. అవి గుఱ్ఱం జాషువ గారి ఖండకావ్యంలోనివి. నాటకంలో చేరి, జనుల నోట నిలిచి, చివరకు ఆ సీనుకే ప్రాణమైనవి. డి.వి. సుబ్బారావు, చీమకుర్తి నాగేశ్వరరావు వంటి నటులు హరిశ్చంద్ర పాత్రలో పేరు పొందుటకు ఈ ఒంటరి ఘట్టమే ముఖ్య కారణము. వేదిక మీద మరొక పాత్ర లేదు. చేత కర్ర, ఎదుట చితి, చుట్టు చీకటి. మాట్లాడుటకు మనిషి లేనివాడు పాడుతున్నాడు.

వానిలో ఒక సీసపద్యమును గమనించండి. కవి కలము, రాజుల ముద్రిక, లేత ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుని కుంచె, ఇవన్నీ ఈ నేలలోనే కలిసిపోయినవని దాని భావము. నాలుగు పాదాలు ఒకే మాటతో మొదలవుతాయి. సీస పాదంలో ఆరు ఇంద్రగణాలు, ఆపై రెండు సూర్యగణాలు ఉండును. ఇంద్రగణము నాలుగైదు మాత్రల పెద్ద అడుగు. సూర్యగణము మూడు మాత్రల చిన్న అడుగు. అనగా ప్రతి పాదము పెద్ద అడుగులతో నడిచి నడిచి, చివర రెండు చిన్న అడుగులు వేసి కూలబడుతుంది. ఆ కూలబడే చోటనే కవి ఆ వస్తువు నశించినదని చెప్పే క్రియను ఉంచాడు. ఛందస్సే శోకమును అభినయిస్తున్నది. పాడేవాడు చేయవలసినదల్లా దానికి అడ్డు తగులకుండుట.

అనుభవజ్ఞులు ఈ సీసాన్ని ఎట్లు పాడుతారు? మొదటి పాదమును మంద్రంలో ఎత్తుకొంటారు. అదే మాట రెండవసారి వచ్చినప్పుడు ఒక మెట్టు పైకి వెళతారు. మూడవసారి ఇంకొక మెట్టు. నాలుగవ పాదంలో తారస్థాయిని తాకి, క్రింది తేటగీతిలోనికి దిగుతారు. తేటగీతి పాదాలు చిన్నవి. కనుక అంతవరకు విస్తరించిన గొంతు ఒక్కసారిగా దగ్గరకు వస్తుంది. వినేవానికి ఎత్తైన గట్టు మీది నుండి లోతు చూచినట్లు అవుతుంది. కరుణకు ముఖారి, శివరంజని, సింధుభైరవి వంటి రాగాలను వాడుట కద్దు. రాగము ఏదైనను, ఒకే మాట నాలుగుసార్లు నాలుగు విధాల వినబడవలెను. నాలుగుసార్లూ ఒకే సంగతి వేసినచో అది జాబితా చదివినట్లగును.

మరొక పద్యము చంపకమాల. చీకటిలో మునిగిన కొత్త సమాధి మీద మిణుకుమంటున్న చిన్న దీపమును గూర్చినది. ఉత్పలమాల గురువుతో మొదలగును. శార్దూలము మూడు గురువులతో గంభీరముగా అడుగిడును. చంపకమాల నాలుగు లఘువులతో మొదలగును. నాలుగు చిన్న అక్షరాలు వెలుగుతూ ఆరుతూ ఉన్న దీపమువలె కదిలి, అటుపిమ్మట ఒక గురువు వద్ద నిలుస్తవి. ఇటువంటి పద్యాన్ని కంఠమెత్తి గర్జించినచో దీపము ఆరిపోయినట్లే. శార్దూలమునకు తగిన గొంతు చంపకమాలకు తగదు. ఈ భేదము తెలిసినవాడే పద్యము తెలిసినవాడు.

ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. తెలుగు పద్యంలో యతి అనగా విరామము కాదు, అక్షరాల మైత్రి. ఉత్పలమాలలో పదవ అక్షరము, శార్దూలంలో పదమూడవ అక్షరము మొదటి అక్షరముతో పొత్తు కుదరవలెను, అంతే. ఆ స్థానము మాట మధ్యలో పడవచ్చును. పాదాంతము కూడ మాట మధ్యలో పడవచ్చును. కాని కొందరు యతి దగ్గర ఆగి, పాదాంతమున ఆగి, అక్కడ రాగము తీస్తారు. మాట రెండు ముక్కలగును. మొదటి ముక్క గాలిలో వ్రేలాడుతూ ఉండగా రెండు నిమిషాల ఆలాపన సాగును. అది ముగిసి రెండవ ముక్క వచ్చునప్పటికి మొదటిది ఏమో వినేవాడు మరచిపోవును. ఊపిరి భావము తీరిన చోట తీయవలెనే గాని, అక్షరము లెక్క తీరిన చోట కాదు.

నాటకరంగంలో ఈ తప్పిదము కొత్తది కాదు. మైకులు లేని కాలంలో చివరి వరుసకు వినబడుటకై నటులు హెచ్చు శ్రుతిలో పాడవలసి వచ్చినది. ఆ అవసరము క్రమంగా పోటీగా మారినది. ‘వన్స్ మోర్’ అన్న కేకకు కథ ఆగిపోయేది. చనిపోయిన పాత్ర సైతము లేచి పద్యము మరల పాడి పడుకొన్నదన్న పరిహాసాలు మనము విన్నవే. బళ్ళారి రాఘవ గారు నాటకాన్ని రాగము మింగివేస్తున్నదని భావించి, అభినయానికి పెద్దపీట వేశారు. ఆయనది సంగీత ద్వేషము కాదు, మాట మీది గౌరవము. గ్రామఫోను వచ్చినప్పుడు ఒక పక్కకు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. ఆ మూడు నిమిషాలలోనే మహానటులు పద్యాన్ని నిండుగా పాడి వినిపించారు. అనగా దీర్ఘాలాపన లేకున్నను పద్యము బ్రతుకుననుటకు ఆ రికార్డులే సాక్ష్యము.

ఇప్పుడు మూడవ ఆక్షేపణకు వస్తాము. పాటను గురించి భగవానుడు ఏమన్నాడు? అంగుత్తర నికాయంలోను, వినయ పిటకంలోను ధర్మాన్ని దీర్ఘమైన గీతస్వరంతో పాడుటవలన అయిదు దోషాలున్నవని చెప్పబడినది. పాడేవాడు తన స్వరానికే తగులుకొనును. వినేవారు ఆ స్వరానికే తగులుకొందురు. భిక్షువులు మనవలెనే పాడుచున్నారని గృహస్థులు నొచ్చుకొందురు. స్వరమును సవరించుకొను ఆరాటంలో సమాధి చెడును. తరువాతివారు దీనినే ఆదర్శముగా తీసుకొందురు. మన కాటిసీను గాయకులను ఎదుట కూర్చోబెట్టుకొని చెప్పినట్లున్నది కదా! అయితే వినయ పిటకంలో ఆ వెంటనే, పదము చెడని స్వరయుక్తమైన పఠనానికి, దానినే సరభఞ్ఞమంటారు, అనుమతి ఉన్నది. నిషేధము స్వరానికి కాదు. మాటను దాటిపోయే స్వరానికి.

దీఘ నికాయంలోని సక్కపఞ్హ సుత్తంలో ఇంకొక ఘట్టమున్నది. రాజగృహ ప్రాంతంలోని ఇంద్రసాల గుహ ముందు పంచశిఖుడనే గంధర్వుడు మారేడు వీణ మీటుతూ ఒంటరిగా పాడుతాడు. అతని పాటలో బుద్ధుని ప్రస్తావన ఉన్నది, తన ప్రేయసి ప్రస్తావన కూడ ఉన్నది. భగవానుడు కోపించలేదు. వీణానాదము గానంతో, గానము వీణానాదంతో చక్కగా కలిసినవని, ఒకటి మరొకదానిని మించలేదని మెచ్చుకొన్నాడు. పద్యగానానికి ఇంతకంటె మంచి కొలబద్ద మాకు తెలియదు. హార్మోనియము గొంతును మించరాదు, గొంతు మాటను మించరాదు.

బౌద్ధులకు రంగస్థలము పరాయిది కాదన్న సంగతిని కూడ జ్ఞాపకము చేస్తాము. ఏడవ శతాబ్దంలో భారతదేశము తిరిగిన చీనా యాత్రికుడు ఇత్సింగ్, హర్ష చక్రవర్తి జీమూతవాహన బోధిసత్వుని కథను పద్యాలలో రచించి, సంగీతము కూర్చి, నృత్యాభినయాలతో ప్రదర్శింపజేసినాడని వ్రాశాడు. ఆ యాత్రికుడు మన దేశానికి వస్తూ దిగంబరుల దేశమని వర్ణించిన దీవులు మన నికోబార్ దీవులేనని పండితులు గుర్తించారు. హర్షుని నాగానందంలో ఒక నాగుని బదులు తన ప్రాణమిచ్చుటకు వధ్యశిల మీద ఒంటరిగా నిలిచిన నాయకుడున్నాడు. దానిని వేదము వేంకటరాయ శాస్త్రి గారు తెలుగు చేశారు. నాగార్జునకొండ త్రవ్వకాలలో ఇక్ష్వాకుల నాటి ఆరుబయలు రంగస్థలము బయల్పడినది. విహారాలున్న లోయలోనే నాట్యస్థలము ఉన్నదన్నమాట.

శ్మశానమే మనకు పరాయిదా? సతిపట్ఠాన సుత్తంలో శ్మశాన భావనలు తొమ్మిది ఉన్నవి. విడువబడిన శరీరాన్ని చూచి, ఈ దేహమూ ఇట్టిదే అని తలచుకొనుట అక్కడ సాధన. థేరీగాథలో పటాచార కాళ్ళు కడుగుకొని, పల్లానికి జారే నీటిని చూచి, గదిలోనికి దీపము తీసుకొనిపోయి, వత్తిని సూదితో లాగివేస్తుంది. దీపము ఆరినట్లు ఆమె చిత్తము విముక్తమగును. అది కూడ ఒక ఒంటరి స్త్రీ గానమే. సమాధి మీద జాషువ చూచిన దీపము, పటాచార ఆర్పిన దీపము ఒకటి కావు. జాషువ బౌద్ధుడని మేము చెప్పుట లేదు. కాని ఆ రెండు దీపాల వెలుగు ఒకే సత్యము మీద పడుచున్నది.

ఇక అన్నింటికంటె బరువైనది రెండవ ఆక్షేపణ. వీరబాహునికి సేవ చేయుట రాజునకు అవమానమన్న దృష్టి ఆ కథలో ఉన్నది. దానిని మేము దాచుట లేదు. ఆ పని చేసి బ్రతికిన కుటుంబాలు మన మధ్య ఉన్నవి. ఆ వచనాలు వింటే వారి మనస్సు ఎట్లు గాయపడునో మాకు తెలుసు. మొన్నటి సమావేశంలో ఒక పెద్దమ్మ లేచి, “మా నాయన చేసిన పనిని మీరు వేషం కట్టి ఏడుస్తారేమి నాయనా?” అని అడిగినప్పుడు మాలో ఎవరికీ సమాధానము తోచలేదు. ఆ ప్రశ్నను మేము ఇంటికి తీసుకొనిపోయాము.

ఇప్పుడు మా సమాధానము ఇది. నాటకమంతటిని మనము ఆడనవసరము లేదు. కాటికాపరి పనిని హీనపరచే వచనాలను ఎంత మాత్రము పలుకవలదు. జాషువ పద్యాలను మాత్రము, వేషము లేకుండ, కిరీటము పోయినదన్న దుఃఖము లేకుండ, ఒక్క గొంతుతో పాడుదము. ఏలయనగా ఆ పద్యాలలో అంటరానితనానికి శ్మశానంలో చోటు లేదని జాషువ ఎలుగెత్తి చెప్పాడు. బ్రతికి ఉండగా ఆ బాధను అనుభవించినవాడు చెప్పిన మాట అది. రాజు వేషము తీసివేసినప్పుడు ఆ మాట రాజు విలాపము కాదు. మన పెద్దమ్మ తండ్రి మాట అగును. కాటికి కావలి కాచినవానికంటె ఆ సమత్వమును దగ్గరగా చూచినవాడెవరు?

మాకు ఇంకొక భయమున్నది. గరాచర్మలో మన పిల్లలు ఇంట తెలుగు వింటారు, వీథిలో హిందీ మాట్లాడుతారు, బడిలో ఇంగ్లీషు వ్రాస్తారు. ఈ ఏడు పద్యము నేర్చుకొనుటకు వచ్చిన ఒక బాలుడు దానిని దేవనాగరి అక్షరాలలో వ్రాసుకొన్నాడు. చక్కని కంఠము. కాని గణము అడుగడుగునా తప్పుచున్నది. కారణము కొంతసేపటికి గాని మాకు తెలియలేదు. హిందీ వ్రాతలో మన హ్రస్వ ఎకార, ఒకారాలకు వాడుకలో గుర్తులు లేవు. అతడు ప్రతి ‘ఎ’ను ‘ఏ’గా, ప్రతి ‘ఒ’ను ‘ఓ’గా చదువుచున్నాడు. లఘువు గురువైనది, పద్యము కుంటినది. ఆ సాయంకాలము పాట ఆపి అక్షరాలు దిద్దించాము. పక్షము దినాలలో అతడు ఒక పద్యాన్ని తెలుగు లిపిలో చూచి పాడినాడు. రేకుల కప్పు మీద వాన పడుచున్నది. ఈ ఉప్పుగాలికి మా హార్మోనియములో రెండు రీడ్లు పలుకుట మానివేసినవి. బాలుడు హార్మోనియము వద్దన్నాడు. వాన తగ్గేవరకు ఆగి, గొంతు దించి, దీపపు పద్యము పాడినాడు. చివర రాగము తీయలేదు. ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు. ఎదురుగా కూర్చున్న ఆ పెద్దమ్మ చాలాసేపు అట్లే కూర్చొని, “ఇట్లాగైతే పాడుకోండి” అన్నది. మాకు అంతకు మించిన అనుమతి అక్కరలేదు.

కనుక సంఘము ముందు మా విన్నపాలు నాలుగు. ఒకటి, పూర్ణిమనాడు ఉపోసథము పాటించేవారికి నృత్య గీత వాద్యముల నుండి విరతి నియమమున్నది. వారి నియమాన్ని గౌరవించి పద్యగానమును మరునాటి సాయంకాలము పెట్టుదము. రెండు, పద్యము ముగియువరకు ఆలాపన వలదు; ముగిసిన పిమ్మట ఒక్క చిన్న రాగచ్ఛాయ చాలును. మూడు, ‘వన్స్ మోర్’ను అంగీకరింపవలదు. నాలుగు, పద్యము నేర్చుకొను ప్రతి బిడ్డ ముందు తెలుగు అక్షరాలు దిద్దవలెను. వీలైనచో పటాచార, కిసాగోతమి కథలపై మన యువకులే కొత్త పద్యాలు వ్రాసి పాడవలెను. చనిపోయిన బిడ్డను చేతుల మీద మోసుకొని వచ్చిన తల్లి చంద్రమతి ఒక్కతెయే కాదు గదా!

ఒంటరిగా నిలిచి పాడేవాడు నిజానికి ఒంటరివాడు కాడు. అతని గొంతులో కవి మాట ఉన్నది. ఆ మాట వెనుక దానిని అనుభవించినవారందరు ఉన్నారు. రాగము వారికి దారి ఇచ్చినచో అందరమూ వినగలము. దారికి అడ్డు నిలిచినచో రాగమొక్కటే మిగులును.

 సబ్బే సత్తా సుఖితా హోంతు. నమో బుద్ధాయ.